పై పెదవి ఎత్తి చూస్తే

మన ఇళ్లలో పాలపన్నుకు రెండుసార్లే మర్యాద. వచ్చేటప్పుడు ఒకసారి, ఊడేటప్పుడు ఒకసారి. వచ్చేటప్పుడు కింద ముందొచ్చిందా, పైన ముందొచ్చిందా అని ఆరాలు తీస్తారు. ఊడినప్పుడు పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరి, కొత్తది చక్కగా రావాలని పిల్లల చేత దండం పెట్టిస్తారు. మధ్యలో అది నోట్లో ఉండే అయిదారేళ్లూ దాని ఊసెత్తేవాళ్లు ఉండరు. పుచ్చినా, విరిగినా, అరిగినా ‘ఎలాగూ ఊడేదే కదా’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం.

మా పాపకు పై పళ్లే ముందొచ్చాయి. మేనమామకు గండమని అత్తయ్య కంగారుపడి గుళ్లో పూజ చేయించారు. రెండో పుట్టినరోజు ఇంకా రాకముందే పాప సరిగ్గా ఆ పళ్ల మీదే పడింది. ఫోనులో సంగతంతా విని, తలకేం దెబ్బ తగల్లేదని తెలిశాక మా తమ్ముడు ఊపిరి పీల్చుకుని, “గండం నన్నొదిలి పళ్లను పట్టుకుందక్కా” అన్నాడు. ఆ రోజు మొత్తానికి నేను నవ్వింది అప్పుడే.

పడడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. స్నానం చేయించి తువ్వాలు చుట్టేలోపే చేతిలోంచి జారి, తడికాళ్లతో హాల్లోకి పరుగెత్తింది. వంటింటి గుమ్మం దగ్గర గ్రానైటు పట్టీ ఉంది. దాని అంచుకు మూతి కొట్టుకుంది. పై పెదవి చూస్తుండగానే బూరెలా పొంగింది. గౌనంతా నెత్తురు. ఉమ్మితో కలిస్తే చెంచాడు నెత్తురు కూడా దోసెడు కనిపిస్తుందని అప్పుడు నాకు తెలియదు. పై పెదవిని చిగురుకు కలుపుతూ లోపల సన్నటి పొర ఒకటుంటుంది. బోర్లా పడిన పిల్లలకు తరచూ తెగేది అదే. రక్తం బాగా కారుతుంది, చూసేవాళ్లకు కాళ్లు వణుకుతాయి. శుభ్రమైన తడిగుడ్డ పెట్టి పది నిమిషాలు అదిమి పట్టుకుంటే ఆగుతుంది. చాలావరకు కుట్లు అవసరం లేకుండానే మానుతుంది.

అత్తయ్య పసుపు డబ్బా తెచ్చారు. పక్కింటావిడ పంచదార అద్దమంది. కింది ఫ్లాటు తాతగారు లవంగనూనె సీసా పంపించారు. వీళ్లలో ఎవరి ప్రేమనూ శంకించను గానీ, ఆ ముగ్గురి మందులూ ఒకేసారి నా పిల్ల నోటి ముందుకొచ్చిన ఆ క్షణంలో నాకు దిక్కు తోచలేదు. మా అమ్మ తెనాలి నుంచి ఫోనులోనే, “ఏదీ పెట్టకు, పాత చీర ముక్క చన్నీళ్లలో ముంచి నొక్కి పట్టుకో” అంది. అదే చేశాను. అంత చిన్నపిల్లల చిగుళ్లకు లవంగనూనె రాస్తే పుండు పడుతుందని, కడుపులోకి పోతే ప్రమాదమని తర్వాత డాక్టరు చెబితే, ఆ సీసాను తాతగారికి మర్యాదగా తిరిగి ఇచ్చేశాం.

నెత్తురు ఆగాక చూస్తే పై వరసలో నడిమి పళ్లు రెండింటిలో ఒకటి కదులుతోంది. రెండోది లేదు. అది ఉండాల్సిన చోట ఎర్రటి గుంట. ఇక వెతుకులాట. మా ఆయన సెల్‌ఫోను లైటు వేసి సోఫా కిందికి దూరారు. అత్తయ్య హాలంతా ఊడ్చి, ఆ చెత్తను చాటలో పోసుకుని కళ్లద్దాలు పెట్టుకుని ఏరారు. దొరకలేదు. పన్ను కనిపించకపోతే ‘పోతే పోయిందిలే’ అనుకోకూడదట. కడుపులోకి పోతే మామూలుగా దానంతటదే బయటికొచ్చేస్తుంది. ఊపిరిగొట్టంలోకి పోతేనే ముప్పు. పిల్ల ఆగకుండా దగ్గుతున్నా, ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం వస్తున్నా పళ్ల డాక్టరు దగ్గరికి కాదు, నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి. విరిగిన ముక్క ఒక్కోసారి చిరిగిన పెదవి లోపలే ఇరుక్కుని ఉంటుంది. ఇక వాంతులు, మగత, స్పృహ తప్పడం ఉన్నాయా అన్నది వీటన్నిటికంటే ముందే చూసుకోవాలి.

మా పాప పన్ను ఎక్కడికీ పోలేదు. దెబ్బకు పైకి, చిగురు లోపలికి దూరిపోయింది. మేం ఇల్లంతా ఊడుస్తున్నంతసేపూ అది దాని నోట్లోనే ఉంది. ఆ వయసులో దవడ ఎముక ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి పాలపళ్లు విరగడం కంటే ఇలా కదలడం, పక్కకు ఒరగడం, లోపలికి పోవడమే ఎక్కువట.

వీధి చివరి క్లినిక్కులో డాక్టరు టార్చి వేసి చూసి, లోపలికి పోయిన పన్ను తీసేయాలన్నారు. లేకపోతే అది పైనున్న అసలు పన్నును పాడుచేస్తుందన్నారు. పొద్దున్నే ఏమీ తినిపించకుండా తీసుకురమ్మన్నారు, మత్తు ఇచ్చి తీస్తామన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో రెండు పక్షాలు తయారయ్యాయి. ‘ఎలాగూ ఊడేదే, తీసేయిస్తే పోలా’ అన్నది ఒకటి. ‘అయ్యో, ఆడపిల్ల, ముందు పళ్లు, రేపు కొత్తవి వంకరగా వస్తేనో’ అన్నది రెండోది. మొదటి పక్షానికి ఆ పన్ను లెక్కలోది కాదు. రెండో పక్షానికి పిల్ల జీవితమంతా ఆ పన్నులోనే ఉంది. ఈ రెండు మాటలూ సగం సగం తప్పని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఈ వ్యాసమంతా ఆ సగాల గురించే.

పిల్లల పళ్లకు విడిగా డాక్టర్లుంటారని, వాళ్లను పీడోడాంటిస్టులంటారని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసినవాళ్లు చెబితే పొద్దున్నే ఒకావిడ దగ్గరికి వెళ్లాం. ఆవిడ పాపను ఆ పెద్ద కుర్చీలో కూర్చోబెట్టనే లేదు. నాకెదురుగా స్టూలు వేసుకుని, తన మోకాళ్లు నా మోకాళ్లకు తగిలేలా కూర్చున్నారు. పాప నా నడుం చుట్టూ కాళ్లు వేసి నా ముఖంలోకి చూస్తూ ఉండగా, మెల్లగా వెనక్కి వాల్చి తల తన ఒడిలో పెట్టుకున్నారు. చేతులు నేను పట్టుకున్నాను. పాప ఇల్లెగిరిపోయేలా ఏడిచింది. “ఏడవనివ్వండమ్మా, ఏడిస్తేనే నోరు తెరుస్తుంది, నాక్కావలసింది అదే” అన్నారు. చూడడమంతా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత ఎలా పడింది, ఎక్కడ పడింది, ఎప్పుడు, ఎవరున్నారు అని నన్నడిగారు. కాసేపాగి మా ఆయన్నీ అవే ప్రశ్నలు విడిగా అడిగారు. నాకు ఒళ్లు మండింది. అప్పటికే అరడజను మంది ‘నువ్వెక్కడున్నావప్పుడు?’ అని అడిగి ఉన్నారు, ఈవిడ కూడానా అనిపించింది. ఇంటికొచ్చాక, కోపం చల్లారాక, అర్థమైంది. కొట్టడం వల్ల పళ్లు కదిలిన పిల్లలూ ఆ గదిలోకే వస్తారు. వాళ్లు చెప్పలేరు. వాళ్ల తరఫున ఆ ప్రశ్నలు అందరినీ అడగాలి, నాబోటి వాళ్లకు మండినా సరే. చుట్టాలడిగిన ప్రశ్నా డాక్టరడిగిన ప్రశ్నా ఒకటే. కానీ చుట్టాలు నా గురించి అడిగారు, ఆవిడ పాప గురించి అడిగారు. చుట్టాలకు కూడా ఇప్పుడైతే నా దగ్గర జవాబుంది. పాలపళ్లకు దెబ్బ తగిలే పిల్లలు ప్రపంచం మొత్తం మీద నూటికి 22 మందికి పైగానే ఉన్నారు. నడక నేర్చి పరుగు మొదలెట్టే వయసులోనే ఎక్కువ. ఆ పిల్లలందరి తల్లులూ ఎక్కడో ఉండే ఉంటారు కదా.

ఎక్స్‌రే నా ఒళ్లో కూర్చోబెట్టుకునే తీశారు, ఇద్దరికీ బరువైన సీసపు ఏప్రాన్ కప్పి. తెర మీద చూపించారు. తప్పిపోయిన పన్ను అక్కడుంది, పైకి జరిగి. దాని పైన మరో ఆకారం, ఇంకా వేరు లేని, పూర్తిగా గట్టిపడని పన్ను. పై ముందు పళ్లకు శాశ్వతమైనవి ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో బయటపడతాయిగానీ, వాటి తయారీ బిడ్డకు మూడు నాలుగు నెలల వయసులోనే మొదలవుతుందట. బయటికి కనిపించే భాగం పూర్తి కావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. పాలపన్ను వేరు కొస దానికి బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి, దెబ్బ తగిలిన రోజు ఏ భాగం తయారవుతుంటే అక్కడ గుర్తు పడొచ్చు. తెల్లమచ్చో, గోధుమరంగు మచ్చో, చిన్న గుంటో. అరుదుగా పన్నే వంగిపోవచ్చు, ఆలస్యంగా రావచ్చు. ఆవిడ వేలు పాలపన్ను మీద ఆగలేదు, ఆ పై ఆకారం మీద ఆగింది. “మనం కాపాడాల్సింది దీన్ని” అన్నారు.

“అయితే తీసేస్తారా?”

“తీయను. అదే దిగొస్తుంది, చూద్దాం.”

తీసేటప్పుడు పరికరం లోపలికి పోతే ఆ పై పన్నుకు ఇంకో దెబ్బ తగలొచ్చు, తగిలిందానికి తోడు. పైకి పోయిన పాలపళ్లలో చాలావాటికి మళ్లీ కిందికి దిగే శక్తి ఉంటుంది. ఆరు నెలల్లో దిగుతాయి, కొన్నిటికి ఏడాది పట్టొచ్చు. మరి మొదటి డాక్టరు తప్పు చెప్పారా? అదీ కాదట. ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ డెంటల్ ట్రామటాలజీ అనే సంఘం ఇలాంటి గాయాలకు ఏం చేయాలో మార్గదర్శకాలు ఇస్తుంది. 2012 నాటి వాటిలో, లోపలికి పోయిన పాలపన్ను వేరు శాశ్వత పన్ను వైపు తిరిగి ఉంటే తీసేయమనే ఉంది. 2020లో దాన్ని మార్చారు. ఎటు తిరిగి ఉన్నా ముందు దాని మానాన దాన్ని వదిలి చూడమన్నారు. వీధి చివరి డాక్టరు పాత పుస్తకం ప్రకారం చెప్పారు. ఈ వదిలి చూడడం కూడా ఎవరికో తోచి చెప్పింది కాదు. డెన్మార్క్‌లో జెన్స్ ఓవే ఆండ్రియాసన్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు 1960ల నుంచి దెబ్బ తగిలిన పళ్లనూ, వాటి తర్వాత వచ్చిన పళ్లనూ ఏళ్ల తరబడి వెంటాడి చూస్తే బయటపడిన సంగతులు ఇవాళ మన విజయవాడ దాకా వచ్చాయి.

బయటికొచ్చి బండెక్కేముందు మా ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు. నొప్పిగా ఉంటే బరువును బట్టి వేయమని పారాసిటమాల్ సిరప్పు, వారం రోజులు రోజుకు రెండుసార్లు చిగురు మీద దూదితో అద్దమని క్లోర్‌హెక్సిడిన్ మందు. అంతే. యాంటీబయాటిక్ లేదు, ఈ దెబ్బకు అది అక్కర్లేదన్నారు. టీకాల కార్డు చూసి డీపీటీ బూస్టరు పడిందని ఖాయం చేసుకున్నారు కాబట్టి ఇంజెక్షనూ లేదు. “ఇంతేనా?” అన్నారు మా ఆయన, కాస్త మోసపోయినట్టు. మనకు మందుల కవరు బరువును బట్టి వైద్యం మీద నమ్మకం. చూపించుకున్న డబ్బులు తప్ప ఇంకేం ఖర్చు కాకపోతే, ఏదో బాకీ పడినట్టుంటుంది.

ఆ బాకీ తీర్చుకోవడానికి నేను చేసిన పనులన్నీ ఇక్కడ రాయను. ముఖ్యమైనవి ఆవిడ చెప్పినవే. పాలసీసా, నోట్లో పెట్టుకునే రబ్బరు పీక బంద్. రెండు వారాలపాటు మెత్తటి తిండి: ఇడ్లీ, పప్పన్నం, పెరుగన్నం, మగ్గిన అరటిపండు. జంతికలు, చేగోడీలు కనబడకుండా దాచడం అత్తయ్య బాధ్యత. తిన్న ప్రతిసారీ పళ్లు శుభ్రం చేయడం నాది. అన్నిటికంటే కష్టం ఇదే. దెబ్బ తగిలిన చోట బ్రష్షు పెట్టడానికి తల్లి చెయ్యి రాదు, నాలుగు రోజులు అలా వదిలేద్దాం అనిపిస్తుంది. వదిలేస్తేనే అక్కడ పాచి పేరుకుని చిగురు వాచి మానడం ఆలస్యమవుతుంది. మెత్తటి బ్రష్షుతో, దూదితో, ఎలాగో ఒకలా చేయాల్సిందే.

ఇక రోజుకోసారి పై పెదవి ఎత్తి చూడాలి. ఏం చూడాలో చెప్పారు. పన్ను పైన చిగురు మీద చీము పొక్కు, వాపు, కదలడం ఎక్కువవడం, పిల్ల ఆ వైపు ముట్టనివ్వకపోవడం. వీటిలో ఏది కనబడినా రావాలి. ముఖం వాచినా జ్వరమొచ్చినా ఆగకుండా రావాలి. ఇవేవీ లేకపోతే వారం తర్వాత ఒకసారి, ఆపైన నెలన్నర రెండు నెలలకు ఇంకోసారి, అలా. చెబితే తేలికే, పాపతో చేస్తే తెలిసింది. రెండేళ్ల పిల్ల ఒకసారి నొప్పి పుట్టాక నోటి దగ్గరికి ఎవరి వేలూ రానివ్వదు. చివరికి అద్దం ముందు ఇద్దరం కూర్చుని నేను నా పెదవి ఎత్తి ఎలుగుబంటిలా అరిచి, ‘ఇప్పుడు నువ్వు’ అంటే అది తన పెదవి తనే ఎత్తుకుని అరిచేది. ఆ అరుపు మధ్యలో నేను చూడాల్సింది చూసేదాన్ని. ఈ ఆట దానికి ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చిన వాళ్లందరికీ పెదవి ఎత్తి చూపించేది. దానికి దెబ్బ సంగతి అప్పటికే గుర్తులేదు. గుర్తున్నది మాకు.

ఒక పొద్దున పెదవి ఎత్తితే పన్ను పైన తెల్లగా చుక్క. నా గుండె జారిపోయింది. ఫొటో తీసి డాక్టరుకు పంపి, ఫోను చేసి, ఆఫీసుకు సెలవు చెప్పి, ఆటో కూడా పిలిచాక, అత్తయ్య కొంగు చివరతో తుడిస్తే ఆ చీము పొక్కు ఊడొచ్చింది. రాత్రి పెరుగన్నం మెతుకు. డాక్టరు ఏమీ అనలేదు. “పరవాలేదమ్మా, చూస్తున్నారు కదా, అదే కావాలి” అన్నారు.

చూడడం కూడా పనే అని నాకు ఆవిడ మాట తర్వాత తోచింది. ‘ఎలాగూ ఊడేదే’ అన్నవాళ్లూ ఏమీ చేయరు, ఆవిడా ఏమీ చేయలేదు. పైకి రెండూ ఒకటే. కానీ వాళ్లు పెదవి ఎత్తరు. ‘అయ్యో, ముందు పళ్లు’ అన్నవాళ్లు పెదవి దించరు, గంటకోసారి ఎత్తి వేలితో కదిపి చూస్తారు. నేను రెండో రకం. వేలితో కదపకుండా ఉండడం, కంటితోనే సరిపెట్టుకోవడం నాకు అలవాటు కావడానికి ఆ పన్ను దిగడానికి పట్టినంత కాలమూ పట్టింది. అది దిగుతున్నట్టు ఏ రోజూ కనబడలేదు. ఒక నెల ఫొటో పక్కన ఇంకో నెల ఫొటో పెట్టుకుంటే మాత్రం అంచు తెల్లగా బయటపడింది, ఆ తర్వాత మరికాస్త. సంక్రాంతికి మా ఊరెళ్లేసరికి పక్క పన్నుతో దాదాపు సమానంగా నిలబడింది.

ఈలోగా కదిలిన రెండో పన్ను, మేమెవరం పట్టించుకోనిది, గట్టిపడి, ఆపైన బూడిదరంగుకు తిరిగింది. లోపలి నరానికి దెబ్బ తగిలితే అలా అవుతుందట. కొన్నిసార్లు ఆ రంగు తగ్గిపోతుంది, కొన్నిసార్లు పసుపురంగుకు మారుతుంది, కొన్నిసార్లు ఊడేదాకా అలాగే ఉంటుంది. చీము లేనంతకాలం రంగు మారిందన్న కారణానికి రూట్ కెనాల్ చేయక్కర్లేదు, పీకక్కర్లేదు. ఇది విన్నాక నాకు మనసు కుదుటపడింది. ఊరికి మాత్రం కుదుటపడలేదు. బస్సులో పక్కన కూర్చున్నావిడ దగ్గర్నుంచి పెళ్లిళ్లలో దూరపు పిన్ని దాకా, “పన్ను పుచ్చిపోయిందా? చాక్లెట్లు మరీ ఎక్కువ పెట్టకమ్మా” అనేవాళ్లే. మొదట్లో ప్రతివాళ్లకూ మొదటినుంచీ చెప్పేదాన్ని, గ్రానైటు, ఎక్స్‌రే, నరం అన్నీ. ఒక పెళ్లిలో అలా చెబుతుండగా పాప నా మొహంలోకే చూస్తూ, చేత్తో నోరు మూసుకుంది. అప్పటిదాకా తన పెదవి ఎత్తి అందరికీ చూపించిన పిల్ల. ఆ రోజు నుంచి చెప్పడం మానేశాను. “ఆ, అలాగేనండీ, పెట్టనండీ” అనేదాన్ని. వాళ్లకు నా మీద ఏ అభిప్రాయం ఏర్పడినా అది వాళ్లింటికే పోతుంది, పాప నోటి మీదికి రాదు.

పుట్టినరోజు ఫొటోల్లో స్టూడియో అబ్బాయి అడక్కుండానే కంప్యూటరులో ఆ పన్ను తెల్లగా చేసేశాడు. మంచి ఉద్దేశమే పాపం. కానీ డాక్టరు రంగు ఎలా మారుతోందో తేదీలవారీగా ఫొటోలు చూపించమని చెప్పి ఉన్నారు. మళ్లీ ఉన్నది ఉన్నట్టు ప్రింటు వేయించుకున్నాం. అతనికి మేం వింత మనుషులమనిపించి ఉంటాం.

తర్వాతి సంవత్సరాల గురించి రాయడానికి ఏమీ లేదు, అదే అదృష్టం. బూడిదరంగు వెలిసి పాత కాగితం రంగుకొచ్చింది. పాప మాటలకూ ఏ లోటూ రాలేదు. త, ద పలకదేమోనని మా ఆయన కొన్నాళ్లు ‘తాతా, దాదా’ అనిపిస్తూ పరీక్షలు పెట్టారుగానీ, అది మా అందరికంటే ఎక్కువే మాట్లాడుతుంది. ఏడో ఏడు నడుస్తుండగా రెండు పళ్లూ మామూలుగానే కదిలి ఊడాయి. కప్పు మీదికి విసరడానికి అపార్టుమెంటులో కప్పెక్కడిది? పేడెక్కడిది? అత్తయ్య వాటిని పొట్లం కట్టి ఊరెళ్లినప్పుడు పట్టుకుపోయారు.

కొత్త పళ్లు అంచుల్లో రంపం గాట్లతో వచ్చాయి. ఒకదాని మీద, లోపలికి పోయిన పాలపన్ను పైన పెరిగినదాని మీద, గోరంత మచ్చ. మధ్యలో తెలుపు, చుట్టూ లేత పసుపు. కనిగిరి వైపు నుంచి వచ్చిన మా చుట్టం చూడగానే, “నీళ్లమ్మా, మా ఊళ్లోనూ ఇంతే” అన్నారు. ఆ ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి వాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి వైద్య పత్రికల్లో రాశారు. కానీ ఫ్లోరైడ్ మచ్చలు నోట్లో రెండు వైపులా ఒకే జత పళ్ల మీద, చాలా పళ్ల మీద వస్తాయట. ఇది ఒక్కదాని మీదే ఉంది. ఇది ఆనాటి దెబ్బదే. డాక్టరు చూసి, పన్ను పూర్తిగా దిగాక, పాపకే అది ఇబ్బందనిపిస్తే, పైపైన సరిచేయవచ్చన్నారు. “పాపకే” అన్న మాట ఒత్తి పలికారు, నా వైపు చూస్తూ. పాపకు ఇంతవరకూ అనిపించలేదు. వాళ్ల క్లాసులో ముందు పళ్లు ఇంకా రానివాళ్ల ముందు అది గొప్పలు పోతోంది.

నాకిప్పుడున్న పని వేరే. పాలపన్ను ఊడి పడితే తిరిగి పెట్టకూడదు, పెడితే పై పన్నుకే ముప్పు. శాశ్వత పన్ను ఊడి పడితే ఆ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. తెల్లటి భాగం పట్టుకుని తీయాలి, వేరును ముట్టుకోకూడదు, రుద్దకూడదు. మట్టి ఉంటే పాలతో తొలిపి, ఉన్న గుంటలోనే అప్పటికప్పుడు నిలబెట్టి, గుడ్డ కొరికి పట్టుకోమని డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. కుదరకపోతే పాలలో వేసి తీసుకుపోవాలి, నీళ్లలో కాదు. వేరు మీదున్న కణాలు గంటసేపు పొడిగా ఉంటే బతకవు. ఇది ఇంట్లో నాకు తెలిస్తే సరిపోదు, పాప ఆడేది బడిలో. అందుకని పేరెంట్స్ మీటింగ్ రోజు పీఈటీ సార్‌ను పట్టుకుని ఇదంతా చెప్పాను. ఆయన ఈల చేతిలో తిప్పుతూ ఓపిగ్గా విన్నారు.

“పాలంటే కాచినవాండీ, పచ్చివా?”

“ప్యాకెట్టు పాలు చాలండి, చల్లగా ఉంటే మరీ మంచిది.”

“టీకి తెప్పిస్తారు రోజూ. ఒకటి ఫ్రిజ్‌లో ఉంచమంటాను. మరి ఎల్‌కేజీ వాళ్లవి కూడా ఇలాగే పెట్టేయాలా?”

“వాళ్లవి పెట్టకూడదు సార్, అవి పాలపళ్లు.”

“రెండో తరగతిలో సగం అవీ సగం ఇవీ ఉంటాయి కదమ్మా. పిల్లోడు ఏడుస్తుంటే, నెత్తురు కారుతుంటే, ఏది ఏదో నాకెలా తెలుస్తుంది?”

కొత్తవి పెద్దగా, అంచుల్లో గాట్లతో ఉంటాయని చెప్పాను. అయినా అనుమానంగా ఉంటే పెట్టొద్దు, పాలలో వేసి పిల్లనూ పన్నునూ కలిపి డాక్టరు దగ్గరికి పంపేయమన్నాను. ఆయన తలూపి, ఆఫీసు గది వైపు తిరిగి అటెండరును కేకేశారు. రేపటి నుంచి ఇంకో ప్యాకెట్టు తెప్పించమన్నారు, అర లీటరుది చాలన్నారు.